బూకర్ వాషింగ్టన్ మహాశయుడు

చేతిపని నేర్చిన యువకునకు దారిద్ర్యభయము లేదని నిరూపించిన మహనీయులలో బూకర్ వాషింగ్టన్ అగ్రగణ్యుడని మేము తలంచుచున్నాము.

ఈయన 1856 వ సంవత్సరమున అమెరికాయందలి వర్జీనియాలో బానిసగా జన్మించెను. 1865 లో దాస్యవిముక్తుడై, ఉప్పు కొలుములందును బొగ్గుగనులందును కూలిచేయుచునే అక్షరములు నేర్చెను. 1872 లో హాంప్టన్ విద్యాలయమున కేగి, అచట నొక గదిని శ్రద్ధతో నూడ్చి చూపి ప్రవేశము సంపాదించెను.

1881 లో అలబామాయందలి టస్కెగీలో 30 మంది విద్యార్థులతో పాఠశాలను ప్రారంభించెను. ప్రభుత్వమొసగిన 2000 డాలర్లు జీతములకే గాని కట్టడములకు గావు. అంతట విద్యార్థులచేతనే యిటుకలు చేయింపబూనెను. మూడు ఆవములు వరుసగా చెడిపోయెను. చేత ధనము లేకున్నను వెనుదీయక, తన గడియారమును 15 డాలర్లకు తాకట్టుపెట్టి నాలుగవ ఆవము పేర్పించెను; అది చక్కగా కాలెను. ఆ యిటుకలతో విద్యాలయము లేచెను. ఊరి తెల్లవారును వచ్చి కొనజొచ్చిరి. క్రమముగా వడ్రంగము, కమ్మరము, ముద్రణము మున్నగు వృత్తులు చేరెను.

ఉన్నతవిద్యను, రాజకీయ హక్కులను ఈయన ఉపేక్షించెనని డుబోయిస్ పండితుడు 1903 లో ఆక్షేపించెను. ఆ యాక్షేపణయు గణనీయమే. విద్యయు వృత్తియు రెండును వలయును. 1915 లో ఈయన దివంగతుడయ్యెను. విద్యాలయము నేటికిని వర్ధిల్లుచున్నది.

పట్టము పొందియు పనిలేక యున్న మన బిడ్డలకై, విద్యార్థివేతనములతోపాటు ఒక పనిశాలను గూడ పోషింపుడని దాతలకు మా విన్నపము. తొలి ఆవము చెడినను రెండవదానికి కట్టెలిచ్చువారే నిజమైన పోషకులు.