లెపాంటోలో పోయిన ఎడమ చెయ్యి

బస్తర్ అడవిలో మందుపాతర పేలిందంటే కాసేపటికే వినిపించే ఊరి పేరు రాయ్‌పూర్. సుక్మా నుంచో, బీజాపూర్ నుంచో గాయపడ్డ జవాన్లను హెలికాప్టర్లో తెచ్చేది అక్కడి ఆస్పత్రులకే. 2021 ఏప్రిల్ 3న బీజాపూర్-సుక్మా సరిహద్దులో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది చనిపోయారు. 30 మందికి పైగా గాయపడ్డారు. చనిపోయినవారి పేర్లు పత్రికల్లో వచ్చాయి, శవపేటికల మీద జాతీయ జెండా కప్పారు, మంత్రులు వెళ్లి వందనం చేశారు. గాయపడ్డవారు మాత్రం మనకు ఒక అంకెగానే మిగిలిపోయారు.

ఇది కొత్త సంగతి కాదు. మన పల్లెల్లో పొలిమేరన కనిపించే వీరగల్లులు చూడండి. ఊరికోసం పోరాడి నేలకొరిగినవాడికి శిల నిలిపారు. అదే పోరులో కాలో చెయ్యో పోగొట్టుకుని ఇంటికి తిరిగొచ్చినవాడికి శిల లేదు. వాడు ఆ తర్వాత ఇరవై, ముప్పై ఏళ్లు ఎలా బతికాడో చెప్పే శాసనమూ అరుదే. చావుకు గౌరవం దక్కినంత తేలిగ్గా గాయానికి గుర్తింపు దక్కదు.

ఈ మాటకు చరిత్రలో అన్నిటికంటే పెద్ద సాక్షి ఒక స్పెయిన్ సిపాయి. ప్రపంచం ఆయన్ను రచయితగా ఎరుగును. ఆయన మాత్రం జీవితంలో ఎక్కువ భాగం తనను గాయపడ్డ సైనికుడిగా గుర్తించమని అర్జీలు పెట్టుకుంటూ గడిపాడు. పేరు మిగెల్ డి సెర్వాంటెస్. మనం డాన్ క్విక్సోట్ అని పిలుచుకునే నవల రాసినవాడు.

సెర్వాంటెస్ 1547లో మాడ్రిడ్‌కు దగ్గర్లోని అల్కలా డి ఎనారెస్ పట్టణంలో పుట్టాడు. తండ్రి చిన్నపాటి శస్త్రవైద్యుడు. కట్లు కట్టడం, ఎముకలు సరిచేయడం ఆయన పని. సంపాదన తక్కువ, అప్పులు ఎక్కువ. కుర్రవాడు 20 ఏళ్లు దాటాక ఇటలీ చేరాడు. ఒక కొట్లాటలో మనిషిని గాయపరిచిన నేరానికి కుడిచెయ్యి నరికి పదేళ్లు దేశం నుంచి వెళ్లగొట్టాలని 1569లో మాడ్రిడ్‌లో ఒక వారంటు వెలువడింది. అందులో ఉన్న పేరు మిగెల్ డి సెర్వాంటెస్. అది ఈయనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అదే నిజమైతే కుడిచెయ్యి కాపాడుకోవడానికి పారిపోయినవాడు రాజు కొలువులో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడన్నమాట.

మన దగ్గర తళ్లికోట యుద్ధం జరిగి విజయనగరం కూలిన ఆరేళ్లకు, 1571 అక్టోబర్ 7న గ్రీసు తీరంలోని లెపాంటో దగ్గర మధ్యధరా సముద్రం చూసిన అతి పెద్ద తెడ్ల ఓడల యుద్ధాల్లో ఒకటి జరిగింది. ఒకవైపు స్పెయిన్, వెనిస్, పోప్ రాజ్యాల కూటమి. మరోవైపు ఆటోమన్ సామ్రాజ్యం. ఇరుపక్షాలా రెండేసి వందలకు పైగా ఓడలు. కూటమికి సేనాని స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ సవతి తమ్ముడు, 24 ఏళ్ల డాన్ జాన్. మార్కెసా అనే ఓడలో సాధారణ సిపాయి సెర్వాంటెస్.

ఆ రోజు సెర్వాంటెస్ జ్వరంతో ఓడ అడుగున పడుకుని ఉన్నాడు. పైకి రావొద్దని తోటివారు, అధికారులు చెప్పారు. ఆయన వినలేదు. ఓడ పక్కన చిన్న పడవ కట్టే చోట, శత్రువు ముందుగా ఎక్కే ప్రమాదం ఉన్న జాగాలో, డజను మందితో నిలబడ్డాడు. మూడు తుపాకీ గుండ్లు తగిలాయి. రెండు ఛాతీలో, ఒకటి ఎడమ చేతిలో. ప్రాణం నిలిచింది కానీ ఆ చెయ్యి మళ్లీ పనిచేయలేదు. నెలల తరబడి సిసిలీలోని మెస్సినా ఆస్పత్రిలో ఉన్నాడు. అప్పట్లో ఆయనకు చిన్న చిన్న మొత్తాలు సాయంగా ఇచ్చినట్టు ఖజానా లెక్కల్లో ఉంది. గాయానికి సకాలంలో అందిన గుర్తింపు దాదాపు అంతే.

ఒంటి చేత్తోనే 1572లో మళ్లీ కొలువులో చేరాడు. నవరినో, ట్యునిస్ దండయాత్రలకు వెళ్లాడు. 1575లో స్వదేశం బయలుదేరేటప్పుడు రెండు అమూల్యమైన కాగితాలు వెంట ఉన్నాయి. ఒకటి సేనాని డాన్ జాన్ ఇచ్చిన సిఫారసు లేఖ, రెండోది సెస్సా ప్రభువు ఇచ్చినది. వాటిని రాజు ముందు పెడితే ఏదైనా పదవి దొరుకుతుందని ఆశ. సెప్టెంబర్‌లో స్పెయిన్ తీరం కనుచూపు మేరలో ఉండగా అల్జీర్స్ సముద్రదొంగలు ఓడను పట్టుకున్నారు. ఆయనతోపాటు తమ్ముడు రోడ్రిగో కూడా బందీ అయ్యాడు.

అక్కడే ఆ కాగితాలు ఎదురుతిరిగాయి. అంతటి సేనాని సంతకం ఉన్న లేఖ జేబులో పెట్టుకున్నవాడు సామాన్యుడు కాడని పట్టుకున్నవారు అనుకున్నారు. విడుదలకు 500 బంగారు ఎస్కుడోలు అడిగారు. అప్పులతో బతికే శస్త్రవైద్యుడి కుటుంబానికి అది తీరే మాట కాదు. ఐదేళ్లు బందీగా ఉండిపోయాడు. నాలుగుసార్లు తప్పించుకోబోయి నాలుగుసార్లూ దొరికిపోయాడు. దొరికినప్పుడల్లా తప్పంతా తనదేనని ఒప్పుకుని తోటివారిని కాపాడాడని తర్వాత సాక్షులు చెప్పారు.

ఇంటి దగ్గర కుటుంబం పడ్డ పాట్లు నేటి మాజీ సైనికుల ఇళ్లలో ఎవరికైనా అర్థమవుతాయి. ప్రభుత్వ సాయం తొందరగా అందుతుందని, భర్త బతికి ఉండగానే తల్లి లియొనోర్ తాను వితంతువునని చెప్పుకుంది. తండ్రి 1578లో మాడ్రిడ్ అధికారుల ముందు కొడుకుతో కలిసి పనిచేసిన సైనికులను పిలిపించి వాంగ్మూలాలు రాయించాడు. లెపాంటోలో ఎక్కడ నిలబడ్డాడు, జ్వరం ఉందా లేదా, గాయం ఎక్కడ తగిలింది అని ఒక్కో సాక్షినీ అడిగి నమోదు చేశారు. పోయిన లేఖకు బదులు సెస్సా ప్రభువు మరో ధ్రువపత్రం ఇచ్చాడు. ఆ ఏడాదే అక్టోబర్‌లో డాన్ జాన్ చనిపోయాడు. డిసెంబర్‌లో సెస్సా ప్రభువూ పోయాడు. తన యుద్ధాన్ని స్వయంగా ఎరిగిన పెద్దలిద్దరూ కొన్ని వారాల తేడాతో వెళ్లిపోయారు.

1580 సెప్టెంబర్ 19న, ఇంకొన్ని గంటల్లో ఇస్తాంబుల్‌కు తరలించబోతుండగా, బందీలను విడిపించే త్రినిటేరియన్ సన్యాసులు చందాలు పోగుచేసి ఆయన్ను విడిపించారు. స్వేచ్ఛ రాగానే ఇంటికి పరుగెత్తలేదు. అల్జీర్స్‌లోనే ఆగి, తోటి బందీల చేత తన ప్రవర్తన గురించి మరో దఫా వాంగ్మూలాలు రాయించుకున్నాడు. కాగితం లేనిదే తన మాట ఎవరూ నమ్మరని అప్పటికే తెలిసొచ్చింది.

33 ఏళ్ల వయసులో మాడ్రిడ్ చేరేసరికి లెపాంటో పాత కథ అయిపోయింది. రాజు దృష్టి పోర్చుగల్ మీద ఉంది. ఖజానా అంతకు ఐదేళ్ల ముందే దివాలా తీసింది. యుద్ధాల నుంచి తిరిగొచ్చినవారు వేలల్లో ఉంటే ఖాళీ పదవులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఒక చిన్న దూత పని మీద ఓరాన్‌కు పంపారు, అంతే. 1582లో ఉద్యోగం కోసం అడిగినా ఫలితం లేదు. నాటకాలు రాశాడు, ఒక నవల అచ్చువేశాడు, పొట్ట నిండలేదు. 1587 నుంచి ఇంగ్లండు మీదికి వెళ్లే నౌకాదళానికి గోధుమలు, ఆలివ్ నూనె సేకరించే ఉద్యోగం దొరికింది. రైతుల గాదెలు తెరిపించడం, చర్చి ధాన్యం జప్తు చేసి వెలికి గురికావడం, జీతం కోసం నెలల తరబడి ఎదురుచూడటం.. ఇదీ ఆ కొలువు.

1590 మే నెలలో తన జీవితంలోకెల్లా ముఖ్యమైన అర్జీ రాజుకు పెట్టుకున్నాడు. అమెరికా వలసల వ్యవహారాలు చూసే ఇండీస్ మండలికి అది చేరింది. 22 ఏళ్ల సేవ, లెపాంటో గాయాలు, ఐదేళ్ల చెర, తమ్ముడి సేవ అన్నీ అందులో ఉన్నాయి. 1578 నాటి వాంగ్మూలాలు, 1580 నాటి వాంగ్మూలాలు జతపరిచాడు. ఖాళీగా ఉన్న నాలుగు పదవుల పేర్లు రాసి ఏదో ఒకటి ఇవ్వమన్నాడు. గ్వాటెమాలా ప్రాంతంలోని సొకొనుస్కో పాలన, లా పాజ్ నగరాధికారం, కార్తహెనా ఓడల లెక్కలు, నేటి కొలంబియా ప్రాంతపు ఖజానా లెక్కలు. జూన్ 6న అర్జీ అంచున ఒక అధికారి ఒకే ఒక్క వాక్యం రాశాడు. ఇక్కడే ఏదైనా చూసుకోమని దాని సారాంశం. కారణం లేదు. గాయం ప్రస్తావన లేదు.

ఆ తర్వాత పన్నుల వసూలు పని చేశాడు. వసూలైన సొమ్ము దాచిన బ్యాంకరు దివాలా తీయడంతో 1597లో సెవిల్ జైలుకు వెళ్లాడు. రాజ్యం కోసం చెయ్యి పోగొట్టుకున్నవాడు అదే రాజ్యం లెక్కల్లో బాకీదారుగా తేలాడు. డాన్ క్విక్సోట్ తొలి భాగం 1605లో వచ్చేనాటికి ఆయనకు 57 ఏళ్లు. పుస్తకం దేశమంతా పాకింది. ఆ నవలను నవ్వులాటగా చదివినవారు కూడా అందులో ఒక పాత సిపాయి గొంతు వింటారు. లెపాంటోలో చిక్కి అల్జీర్స్‌లో బందీ అయిన కెప్టెన్ కథ అందులో ఉంది. రెండో భాగంలో, ముసలి సైనికులను కొలువు నుంచి వదిలించుకోవడాన్ని, పనికిరాని వయసొచ్చిన బానిసలకు స్వేచ్ఛ పేరుతో ఆకలిని కట్టబెట్టడంతో పోల్చిన సందర్భమూ ఉంది.

1614లో ఎవరో మారుపేరుతో నకిలీ రెండో భాగం అచ్చువేసి, ముందుమాటలో ఆయన్ను ముసలివాడని, చెయ్యి లేనివాడని వెక్కిరించారు. మరుసటి ఏడాది తన అసలు రెండో భాగానికి రాసిన ముందుమాటలో సెర్వాంటెస్ జవాబిచ్చాడు. ఆ గాయం ఏ సారా కొట్టు తగాదాలోనో తగిలింది కాదని, తన కాలం చూసిన అతి గొప్ప ఘట్టంలో తగిలిందని చెప్పుకున్నాడు. రాజ్యం రాయాల్సిన ధ్రువపత్రాన్ని 44 ఏళ్ల తర్వాత తానే రాసుకున్నాడు. 1616 ఏప్రిల్ 22న మాడ్రిడ్‌లో కన్నుమూశాడు.

రాయ్‌పూర్‌కు తిరిగొద్దాం. సెర్వాంటెస్ గాయం నిజమా కాదా అని అనుమానించినవారు లేరు. సమస్య ఆ గాయం ఏ ఖాతాలోకి వస్తుందన్నది. మన దగ్గరా చిక్కు అక్కడే. సైనికుడిని వైద్య కారణాలతో ఇంటికి పంపితే, నూరుశాతం వైకల్యానికి అది యుద్ధ గాయంగా నమోదైతే వచ్చే అదనపు భాగం చివరి వేతనంతో సమానం. మామూలు సర్వీసు వైకల్యంగా నమోదైతే 30 శాతం. ఒకే కాలు, రెండు లెక్కలు. గాయం తగిలిన రోజున యూనిట్ పంపిన నివేదికలో ఏ మాట రాశారన్నదాని మీద మిగిలిన జీవితం ఆధారపడుతుంది.

వైకల్యం సర్వీసు వల్ల వచ్చిందా లేదా అన్నది రుజువు చేసే భారం సైనికుడి మీద వేయకూడదని, చేరేటప్పుడు లేని జబ్బు సర్వీసులో వచ్చిందనే ముందుగా భావించాలని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. వికలాంగ సైనికుల మీద ప్రభుత్వం అప్పీళ్లకు వెళ్లడం తగ్గించాలని 2015లో రక్షణ మంత్రిత్వశాఖ నిపుణుల కమిటీ సూచించింది. అయినా వివాదాలు ఆగలేదు. 2023లో వచ్చిన కొత్త నిబంధనలు వైకల్య భాగం పేరునే మార్చి దాన్ని బలహీనత సాయంగా పేర్కొన్నాయి. మాజీ సైనికులు దీన్ని గట్టిగా విమర్శించారు.

రాయ్‌పూర్‌లో ఉండే మాజీ సైనికుడు సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే మధ్యప్రదేశ్‌లోని జబల్పూర్ బెంచి దిక్కు. బస్తర్‌లో గాయపడే సీఆర్పీఎఫ్ జవానుకు ఆ దారీ లేదు. ఆ దళం సైనిక ట్రైబ్యునల్ పరిధిలోకి రాదు. హైకోర్టు మెట్లెక్కాల్సిందే. గాయం తగిలేది ఒకే అడవిలో అయినా యూనిఫాం రంగును బట్టి గుర్తింపు దారి మారిపోతుంది.

సెర్వాంటెస్ కథ చెప్పే పాఠం సులభమైనదే. గాయానికి సాక్ష్యం తాజాగా ఉన్నప్పుడే, చూసిన అధికారులు బతికి ఉండగానే, రాజ్యమే ముందుకొచ్చి నమోదు చేయాలి. సాక్షులను వెతుక్కునే పని తండ్రికి, వితంతువునని చెప్పుకునే గతి తల్లికి రాకూడదు.

ఆయన్ను పాతిపెట్టింది తనను విడిపించిన ఆ త్రినిటేరియన్ సంఘానికే చెందిన మాడ్రిడ్ కాన్వెంటులో. కాలక్రమంలో సమాధి ఎక్కడుందో తెలియకుండా పోయింది. నాలుగు శతాబ్దాల తర్వాత శాస్త్రవేత్తలు ఆ నేలమాళిగలో వెతికారు. ఆయన ఎముకలను దేనితో గుర్తుపట్టాలనుకున్నారో తెలుసా? ఛాతీలో గుండ్ల ఆనవాళ్లు, పాడైన ఎడమ చెయ్యి. 2015లో దొరికిన ఎముకల్లో ఆయనవీ ఉన్నాయని ప్రకటించారు. కానీ అవి మరీ శిథిలమై, ఇతరులవాటితో కలిసిపోయి ఉన్నాయి. ఫలానాది ఆ గాయమేనని ఎవరూ నిర్ధారించలేకపోయారు.