గోల్ గీత మీద కోల్‌మేయర్

బెర్న్‌లో జరిగిన 1954 ప్రపంచకప్ ఫైనల్లో హంగరీపై గెలుపు గోల్ కొట్టిన హెల్ముట్ రాన్ జర్మన్ల అభిమాన వీరుడయ్యాడు. కానీ ఆ జట్టు ఫైనల్ దాకా వెళ్లిందంటే ఎడమ వైపు డిఫెండర్ వెర్నర్ కోల్‌మేయర్‌ చలవ కూడా ఉంది.

జెనీవాలో యుగోస్లావియాతో క్వార్టర్ ఫైనల్. మొదటి పది నిమిషాల్లోనే ప్రత్యర్థి సెల్ఫ్ గోల్‌తో పశ్చిమ జర్మనీకి ఆధిక్యం దక్కింది. ఆ తర్వాత దాడి అంతా యుగోస్లావియాదే. గోల్‌కీపర్ టురెక్‌ను దాటిపోయిన బంతిని కోల్‌మేయర్ సరిగ్గా గోల్ గీత మీద ఆపి బయటికి తన్నాడు, అదీ ఒక్కసారి కాదు. 85వ నిమిషంలో రాన్ రెండో గోల్ కొట్టాకే జట్టు ఊపిరి పీల్చుకుంది.

1924లో కైజర్స్‌లౌటర్న్‌లో పుట్టిన అతడు సొంత ఊరి క్లబ్‌కే ఆడి 1951, 1953లలో జాతీయ టైటిళ్లు గెలిచాడు. బెర్న్ ఫైనల్ ఆడినవారిలో అయిదుగురు ఆ క్లబ్‌ వాళ్లే. దేశం తరఫున 22 మ్యాచ్‌లు ఆడాడు. అప్పటికి బుండెస్‌లిగా పుట్టలేదు, క్లబ్బులిచ్చే జీతానికీ పరిమితి ఉండేది.

ఆట ఆగాక తాగుడు పట్టుకుంది. సంసారం విడిపోయింది, ఆస్తి పోయింది. కొన్నాళ్లు భవన నిర్మాణ కూలీగా చేశాడు. చివరికి మైంజ్‌లో ఒక పత్రిక ఆఫీసులో గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. దాన్ని పతనంలో భాగంగా చూడటం తేలికే గానీ, నిలదొక్కుకునే ప్రయత్నం అనడమే న్యాయం. 1974 మార్చిలో గుండెపోటుతో 49 ఏళ్లకే చనిపోయాడు. బెర్న్ పదకొండు మందిలో మొదట పోయింది అతడే. ఆ జులైలో మ్యూనిక్‌లో పశ్చిమ జర్మనీ రెండోసారి ప్రపంచకప్ గెలిచింది.