దామెర్ల రామారావు: మన పిల్లలకు చూపించాల్సిన బొమ్మలు

మన తెలుగువాళ్ళలో గొప్ప చిత్రకారుడు ఎవరు అని అడిగితే చాలామంది బాపు గారి పేరు చెప్తారు. అంతకుముందు ఎవరు అంటే ఆలోచనలో పడతారు. దామెర్ల రామారావు పేరు అక్కడ రావాలి. బతికింది 27 ఏళ్ళు. ఆంధ్రదేశంలో ఆధునిక చిత్రకళకు దారి వేసింది ఆయనే.

ఖమీస్ ముషైత్‌లో ఉంటూ ఆయన గురించి రాయడానికి కారణం ఉంది. ఇక్కడికి అరగంట దూరంలో, అబహాలో అల్ ముఫ్తాహా కళాగ్రామం ఉంది. సెలవు రోజు పిల్లలను తీసుకుని ప్రదర్శనలు చూడటానికి వెళ్తుంటాం. అసీర్ ఆడవాళ్ళు ఇళ్ళ గోడల మీద వేసే రంగుల ముగ్గుల్లాంటి 'అల్ ఖత్' బొమ్మలంటే మా అమ్మాయికి ప్రాణం. ఈ కళను 2017లో యునెస్కో గుర్తించింది. ఒకసారి అక్కడే, మన ఊళ్ళో ఇలాంటి గ్యాలరీ లేదా నాన్నా అని అడిగింది. ఉందమ్మా, రాజమండ్రిలో ఉంది అని చెప్పి రామారావు గారి కథ మొదలుపెట్టాను.

ఆయన 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. చదువు కంటే బొమ్మల మీదే ధ్యాస. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. కుర్రవాడి చేతిలో ఉన్న విద్యను కనిపెట్టి ప్రోత్సహించారు. అడివి బాపిరాజు కూడా ఆ దొర శిష్యుడే. 1916లో రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. చదువు ముగిశాక కాఠియావాడ్ లాంటి దూర ప్రాంతాలు తిరిగి అక్కడి మనుషులను చిత్రించారు.

ఆ రోజుల్లో బొంబాయిది ఒక పద్ధతి, కలకత్తాది ఇంకో పద్ధతి. ఆయన రెండింటినీ చూశారు, ఏ ఒక్కదానికీ కట్టుబడలేదు. 'పుష్పాలంకరణ'లో గానీ, 'సిద్ధార్థ రాగోదయం'లో గానీ కనిపించే స్త్రీలు మన ఇళ్ళలో మనుషుల్లాగే ఉంటారు. గోదావరి, తూర్పు కనుమలు కూడా ఆయన కుంచెలోకి వచ్చాయి. ఋష్యశృంగుడి కథ మీద వేసిన చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో వైస్రాయ్ బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీ ప్రదర్శనకూ ఆయన బొమ్మలు వెళ్ళాయి.

అంత పేరు వచ్చాక బొంబాయిలోనే స్థిరపడవచ్చు. ఆయన సొంత ఊరికి వచ్చి చిత్రకళాశాల పెట్టారు. తన విద్య పదిమందికి చెప్పాలన్నదే పట్టుదల. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేసేవారు. ఆడపిల్లలకు బడి చదువే అరుదైన కాలంలో ఆ ఇంట్లో కుంచెలు వాళ్ళ చేతుల్లోనూ ఉన్నాయి.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయన్ని తీసుకుపోయింది. అక్కడితో అంతా చెదిరిపోవాల్సింది. కుటుంబం, మిత్రుడు వరదా వెంకటరత్నం కలిసి బొమ్మలను కాపాడారు. బొమ్మలను ఒక్కొక్కటిగా అమ్ముకుని ఉంటే ఈరోజు మనం చూడటానికి ఏమీ మిగిలేది కాదు. అవన్నీ ఒక్కచోట ఉండబట్టే రాజమండ్రిలో ఆయన పేరున గ్యాలరీ నిలిచింది. ఇప్పుడది ప్రభుత్వానిది, అంటే మనందరిదీ.

అసీర్‌లో గోడ బొమ్మలు బతికి ఉండటానికి కారణం తల్లి కూతురికి నేర్పడమే. మనకు అలా నేర్పేవాళ్ళు అన్ని ఇళ్ళలోనూ లేకపోవచ్చు, చూపించడం మాత్రం మన చేతుల్లో పనే. చూసేవాళ్ళు లేని గ్యాలరీ ఎంతకాలం పదిలంగా ఉంటుంది? ఈసారి సెలవులకు గోదావరి జిల్లాల వైపు వెళ్ళేవాళ్ళు పుష్కర ఘాట్, పూతరేకులతో పాటు ఒక గంట దామెర్ల వారి గ్యాలరీకి కేటాయించండి. పిల్లలను తప్పకుండా తీసుకెళ్ళండి.