ఆయన జైల్లో ఉన్నా నడిచిన బ్యాంకు



మీలో చాలామందికి సొంత వ్యాపారాలు ఉన్నాయి. ఒకరికి రైస్ మిల్లు, ఒకరికి రొయ్యల చెరువు, మరొకరికి పెడనలో కలంకారీ పని, ఇంకొకరికి బజారులో చిన్న షాపు. ఎక్కడో విదేశంలో సుంకం పెరిగితే ఇక్కడ చెరువు గట్టు మీద రొయ్య ధర పడిపోతుంది. ఒక్క రాత్రి తుఫానుకి ఏడాది లెక్క తారుమారవుతుంది. అలాంటప్పుడు మీ దగ్గర పనిచేసేవాళ్లు, ఇంట్లో పిల్లలు అందరూ మీ ముఖం వైపే చూస్తారు. రేపు ఎలా ఉంటుందో మీకే తెలియనప్పుడు వాళ్లని ఎలా నడిపించాలి? ఈ ప్రశ్నకు మన మచిలీపట్నంలో బతికిన ఒక మనిషి జీవితం మంచి జవాబు చెబుతుంది. ఈ నెల ఆ జీవితాన్ని మీ ముందు పెడుతున్నాను.

ఆయన డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. 1880 నవంబర్ 24న, ఇప్పటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడమే కష్టమైన రోజుల్లో చదువే ఆధారంగా పైకి వచ్చారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత మద్రాసులోనే వైద్య విద్య పూర్తిచేసి, మచిలీపట్నంలో ప్రాక్టీసు పెట్టారు. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారితో కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు నికరమైన ఆదాయం వచ్చే ఆ ప్రాక్టీసును వదిలేసి, పూర్తిగా స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చేశారు.

ఉద్యమ నాయకుడికి బ్యాంకుతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. అప్పటి డెల్టా రైతును ఊహించుకోండి. కాలువ నీళ్లున్నాయి, పంట ఉంది. పెట్టుబడికి మాత్రం వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాల్సిందే. పెద్ద బ్యాంకులు పెద్ద కంపెనీలకే అప్పులిచ్చేవి. మన ఊళ్లో పండిన డబ్బు మన ఊరి అవసరానికి దొరకకపోతే ఏ స్వేచ్ఛా పూర్తి కాదన్నది ఆయన చేసిన పనుల్లో కనిపించే ఆలోచన. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటులో ముందు నిలిచారు. 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు.

అది బ్యాంకు పెట్టడానికి తగిన కాలం కాదు. 1906లో మద్రాసులో పేరుమోసిన ఆర్బత్‌నాట్ కంపెనీ కుప్పకూలి ఎందరో తమ పొదుపు పోగొట్టుకున్నారు. 1913, 1914 సంవత్సరాల్లో దేశంలో పదుల సంఖ్యలో బ్యాంకులు మూతపడ్డాయి. రిజర్వ్ బ్యాంకు 1935లో గానీ రాలేదు. డిపాజిట్లకు బీమా 1962లో గానీ రాలేదు. అంటే 1923లో బ్యాంకులో డబ్బు దాచుకున్నవాడికి ఆ బ్యాంకు నడిపేవాళ్ల నిజాయితీ, జాగ్రత్త తప్ప వేరే హామీ ఏదీ లేదు.

అందుకే మొదలుపెట్టిన తీరు గమనించండి. నవంబర్ 20న బ్యాంకు రిజిస్టర్ అయింది. నవంబర్ 28న మచిలీపట్నంలో పని మొదలైంది. కాగితం మీద అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు. నిజంగా చేతికి వచ్చిన మూలధనం 1 లక్ష. పది ఆశించి, ఉన్న ఒకటితోనే తలుపులు తీశారు. అది ఒక పెద్దమనిషి సొంత కొట్టులా కాకుండా కంపెనీగా మొదలైంది. వాటాదారులుంటారు, డైరెక్టర్లుంటారు, ఏటా లెక్కలు ఆడిట్ అవుతాయి. పట్టాభి గారి మంచి పేరు జనాన్ని గుమ్మం దాకా తెచ్చి ఉండవచ్చు. వాళ్ల డబ్బును కాపాడాల్సింది మాత్రం ఆ లెక్కలే.

ఆయన ఒక్క బ్యాంకుతో ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. 1927లో వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు వచ్చింది. అవును, మన గుడ్లవల్లేరు పక్కనున్న వడ్లమన్నాడే! పంట అప్పు పంట రాగానే తీరిపోవాలి. పాత బాకీ తీర్చుకోవడానికో, పొలం బాగు చేసుకోవడానికో తీసుకున్న అప్పు ఒక్క పంటతో తీరదు, దానికి ఏళ్ల గడువు కావాలి. భూమి తనఖా బ్యాంకులు ఉన్నది అందుకే. 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చాయి. ఒక్కో అవసరానికి ఒక్కో సంస్థ అన్నమాట.

అప్పుడే అసలు పరీక్ష వచ్చింది. 1929 చివర అమెరికాలో షేర్ మార్కెట్ కూలి, ఆ మాంద్యం ప్రపంచమంతా పాకింది. రెండు మూడేళ్లలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. దీని అర్థం మీ పిల్లలకు ఇలా చెప్పి చూడండి. బస్తా 6 రూపాయలున్నప్పుడు 60 రూపాయల అప్పు చేసిన రైతు 10 బస్తాలు అమ్మితే బాకీ తీరేది. బస్తా 3 రూపాయలైతే అదే అప్పుకు 20 బస్తాలు అమ్మాలి. అప్పు అంకె మారలేదు, బరువు మాత్రం రెట్టింపైంది. రైతు కట్టలేకపోతే ఆ ఇబ్బంది అప్పిచ్చిన సంస్థ దాకా వస్తుంది.

సరిగ్గా ఆ సమయంలో పట్టాభి గారు ఎక్కడున్నారు? 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. 1932లో మళ్లీ వెళ్లారు. 1942లో క్విట్ ఇండియా తీర్మానం తర్వాత నెహ్రూ, పటేల్, ఆజాద్ వంటి నాయకులతో పాటు అహ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు నిర్బంధంలో ఉన్నారు. ఫోన్ చేసి సలహా అడగడానికి లేదు, సంతకం కోసం పరిగెత్తడానికి లేదు. 1938లో దక్షిణాదిలో పెద్దదైన ట్రావన్‌కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు కూడా మూతపడింది. అయినా మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు తలుపులు మూసుకోలేదు.

ఈ ఘనత అంతా ఒక్క మనిషిదే అనడం సరికాదు. కౌంటర్ దగ్గర కూర్చున్న గుమాస్తాలు, లెక్కలు రాసినవాళ్లు, నమ్మకంతో డబ్బు ఉంచిన రైతులు అందరూ దాన్ని నిలబెట్టారు. నా ఉద్దేశంలో పట్టాభి గారి నాయకత్వం గొప్పతనం కూడా అక్కడే ఉంది. తాను లేకపోతే ఆగిపోయే పని ఆయన పెట్టలేదు.

ఆయనకూ ఓటములున్నాయి. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. 1948లో అదే పదవికి ఎన్నికయ్యారు. తర్వాత మధ్యప్రదేశ్ గవర్నర్‌గా పనిచేశారు. 1959 డిసెంబర్ 17న కన్నుమూశారు. బ్యాంకు ఆయన తర్వాత కూడా 60 ఏళ్లు అదే పేరుతో సాగింది. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు అందులో కలిసింది. 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బోర్డు మారినా మన పెద్దవాళ్లు ఇంకా ఆంధ్రా బ్యాంకుకి వెళ్లొస్తాననే అంటారు, మీరూ వినే ఉంటారు.

ఇక మీ విషయానికి వద్దాం. వారం రోజులు మీరు మంచాన పడితే మీ షాపు తెరుచుకుంటుందా? ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఎంత రావాలో మీ ఒక్కరి తలలోనే ఉందా, ఇంకొకరు చదివి అర్థం చేసుకునే పుస్తకంలో ఉందా? మీ దగ్గర నమ్మకంగా పనిచేసే మనిషికి చిన్న నిర్ణయమైనా సొంతంగా తీసుకునే అధికారం ఇచ్చారా? మంచి ధర ఉన్నప్పుడు ఈ ప్రశ్నలు అవసరం అనిపించవు. ధర పడ్డాక వేసుకుంటే ఆలస్యమవుతుంది.

పిల్లల విషయంలోనూ అంతే. ఇంట్లో డబ్బు ఇబ్బంది వస్తే చాలామంది తల్లిదండ్రులు వాళ్లకు తెలియకూడదనుకుంటారు. పిల్లలకు మాటలు వినపడకపోయినా ఇంట్లో మార్పు తెలుస్తుంది. కారణం తెలియక ఇంకా భయపడతారు. వయసుకు తగినట్టు నిజం చెప్పండి. ఈ ఏడాది ధర తగ్గింది, ఈ ఖర్చు ఆపుతున్నాం, నీ చదువు ఆగదు అని చెప్పగలిగితే అంతకన్నా ధైర్యం వాళ్లకు అక్కర్లేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలైతే ఒక నెల ఇంటి ఖర్చుల పుస్తకం వాళ్ల చేతే రాయించండి. క్లాసులో చదివే లాభనష్టాల లెక్క అప్పుడు వాళ్లకు నిజంగా అర్థమవుతుంది.

రేపటి ధర పట్టాభి గారికీ తెలియదు. ఇతరుల డబ్బుకు లెక్క ఉండాలని, తాను లేని రోజున కూడా పని సాగాలని మాత్రం తెలుసు. ఈసారి బందరు వెళ్లినప్పుడు దారిలో వడ్లమన్నాడు వస్తే, ఆ ఊరి పేరు చూపించి మీ పిల్లలకు ఈ కథ చెప్పండి.