జేమ్స్ డ్యూవార్: ఫ్లాస్క్ కనిపెట్టారు.. పైసా దక్కలేదు! రాకెట్ సైన్స్‌కి దారి చూపిన శాస్త్రవేత్త కథ ఇదీ

వేడి టీ చల్లారకుండా ఉంచే ఫ్లాస్క్ అందరికీ తెలిసిందే. కానీ అది టీ కోసం పుట్టలేదని తెలుసా? గాలే నీళ్లలా మారిపోయేంత చలిని దాచడానికి పుట్టింది. దాన్ని తయారు చేసింది సర్ జేమ్స్ డ్యూవార్.

1842 సెప్టెంబర్ 20న స్కాట్లాండ్‌లోని కిన్‌కార్డిన్‌లో పుట్టారు. చిన్నప్పుడు మంచు విరిగి నీళ్లలో పడి, జ్వరంతో చాలాకాలం మంచం పట్టారు. కోలుకునే రోజుల్లో వయొలిన్లు చేయడం నేర్చుకున్నారు. ఆ చేతి పనితనమే తర్వాత ల్యాబ్‌లో అక్కరకొచ్చింది.

1877లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు. ద్రవరూప గాలి నిల్వ ఉండక ఆవిరైపోతుంటే, 1892లో రెండు గాజు గోడల మధ్య గాలి తీసేసి ఫ్లాస్క్ చేశారు.

అసలు కథ ఇక్కడే మొదలైంది. లోహపు తీగల్ని ఆ చలిలో ముంచి, తెగేదాకా లాగి చూశారు. ఇనుప తీగ బలం దాదాపు రెట్టింపైంది! అయితే అందులో ఓ మెలిక ఉంది. తర్వాత రాబర్ట్ హాడ్‌ఫీల్డ్‌తో కలిసి చేసిన పరీక్షల్లో, బలం పెరిగిన ఇనుము సాగే గుణం పోయి పెళుసుగా మారుతోందని తేలింది. నికెల్ మాత్రం ఆ చలినీ తట్టుకుంది.

అంటే బలం ఒక్కటే చూస్తే సరిపోదు. ఇప్పటి కార్బన్ ఫైబర్ కాంపోజిట్‌లకూ అదే పరీక్ష. ముక్కని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచి, మెషీన్‌తో విరిగేదాకా లాగుతారు. చలికి రెసిన్ ఎక్కువ కుంచించుకుపోతుంది, ఫైబర్ పెద్దగా మారదు. ఈ తేడాతో లోపల సన్నటి పగుళ్లొస్తాయి. ఇంధన ట్యాంక్‌లో అలా జరిగితే లీకేజీ ముప్పే!

డ్యూవార్ 1898లో హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చారు. మన శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ పై దశలో వాడేది ఆ ద్రవ హైడ్రోజనే.

ఇంత చేసినా ఆయన ఫ్లాస్క్‌కి పేటెంట్ తీసుకోలేదు. థర్మాస్ పేరుతో వేరేవాళ్లు అమ్ముకున్నారు. కోర్టుకెళ్లినా ఓడిపోయారు. నోబెల్ కూడా దక్కలేదు. 1923 మార్చి 27న, 80 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

డబ్బు రాకపోయినా పేరు మాత్రం నిలిచింది. ఇవాళ్టికీ ల్యాబ్‌లలో ద్రవ నైట్రోజన్ పోసే పాత్రని డ్యూవార్ అనే అంటారు.