కలుపును ఎరువు చేసిన హోవర్డు

ఆల్బర్ట్ హోవర్డు 1873లో ఇంగ్లండున ఒక రైతు ఇంట జన్మించెను. 1905లో వృక్షశాస్త్రజ్ఞుడుగా బీహారులోని పూసాకు వచ్చి, అచటి రైతులనే గురువులుగా నెంచి సేద్యము నేర్చెను. నేల సారము తగ్గినచో పైరు రోగములపాలగునని గ్రహించెను. కాని, ఎరువు కొనలేని రైతునకు దారి యేది?

1924 నుండి ఇండోరు పరిశోధనాలయమున యశ్వంత్ వాడ్ తోడ్పాటుతో ఆయన కలుపుమొక్కలు, చెత్త, పేడ, పశువుల మూత్రముతో తడిసిన మన్ను పొరలుగా పేర్పించి, తడిపించి, తిరుగవేయించి, మూడు నెలలలో సారవంతమైన ఎరువు సిద్ధపరచెను. నీటిలోని పోషకములను పీల్చి, జలాశయములను కమ్మివేయు గుర్రపుడెక్క సైతము వంగదేశమున ఈ విధముననే ఎరువైనది.

హోవర్డు 1947లో కన్నుమూసెను. ఓరుగల్లు చెరువులలో పెరుగు గుర్రపుడెక్కను నేడును ఇట్లే కుప్పవేసినచో చెరువు బాగుపడును, చేను పండును.