చిమ్మటల లెక్క, క్యాన్సర్ కణాల లెక్క: జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం

క్యాన్సర్ వార్డుల్లో డాక్టర్లకు తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇది. మందు మొదలుపెట్టగానే కణితి కరిగిపోతుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కొన్ని నెలలకు కణితి మళ్లీ పెరుగుతుంది, ఈసారి అదే మందుకు లొంగదు. మందు బలం తగ్గలేదు. కణితిలో ఉన్న కణాలు మారిపోయాయి. లొంగేవి చనిపోయాయి, లొంగనివి మిగిలి పెరిగాయి. ప్రకృతి వరణం అంటే ఇదే, కాకపోతే అడవిలో కాకుండా ఒక మనిషి ఒంట్లో జరుగుతోంది.

ఇది ఎంత వేగంగా, ఎంత సంభావ్యతతో జరుగుతుందో లెక్కించడానికి నేడు పరిశోధకులు వాడుతున్న గణితానికి పునాదులు వేసినవారిలో జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ ఒకరు. చిత్రమేమిటంటే ఆయన ఆ లెక్కలు వేసింది క్యాన్సర్ కోసం కాదు, చివరికి ఆయన ప్రాణం తీసింది మాత్రం క్యాన్సరే.

1892 నవంబర్ 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లో విషవాయువుల ప్రభావాన్ని తన ఒంటి మీదే పరీక్షించుకున్న మనిషి. కొడుక్కీ అదే అలవాటైంది. చిన్నప్పటి నుంచే తండ్రి ప్రయోగాల్లో సాయం చేశాడు, పెద్దయ్యాక తన శరీరాన్నే ప్రయోగశాల చేసుకున్నాడు. ఈటన్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, ఆ తర్వాత ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యం. సైన్స్‌లో ఆయనకు డిగ్రీ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా ఫ్రాన్స్‌లోనూ, మెసపొటేమియాలోనూ గాయపడ్డారు. రెండోసారి కోలుకోవడానికి పంపింది భారతదేశానికే. ఈ దేశం మీద ఇష్టం అప్పుడే మొదలైంది.

1923లో కేంబ్రిడ్జిలో బయోకెమిస్ట్రీ అధ్యాపకుడయ్యారు. మరుసటి ఏడాది నుంచి పదేళ్లపాటు ప్రకృతి వరణానికి గణిత సిద్ధాంతాన్ని నిర్మిస్తూ వరసగా పత్రాలు ప్రచురించారు. డార్విన్ చెప్పింది నిజమేనని అప్పటికి చాలామంది ఒప్పుకున్నా, ఎంత నిజం, ఎన్ని తరాలు పడుతుంది అన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు లేదు. హాల్డేన్ మాంచెస్టర్ ప్రాంతపు చిమ్మటలను తీసుకున్నారు. ఫ్యాక్టరీల పొగతో చెట్ల మానులు నల్లబడ్డాక, 1848లో అరుదుగా కనిపించిన నల్ల చిమ్మట యాభై ఏళ్లలో దాదాపు మొత్తం ఆక్రమించింది. అలా జరగాలంటే నల్లదానికి తెల్లదాని కంటే ఒకటిన్నర రెట్లు సంతానం మిగలాలని ఆయన లెక్క తేల్చింది. వరణం ఇంత బలంగా, ఇంత త్వరగా పనిచేయగలదని చాలామంది జీవశాస్త్రజ్ఞులు అనుకోలేదు.

నా దృష్టిలో ఇంతకంటే లోతైనది 1927 నాటి పత్రం. ఒక జీవిలో కొత్తగా ఒక మంచి మార్పు వచ్చిందనుకుందాం. దానివల్ల ఆ జీవికి మిగతావాటి కంటే ఒక శాతం ఎక్కువ లాభం. మరి అది నిలుస్తుందా? చాలావరకు నిలవదు. సంతానం కలగకుండానే ఆ జీవి చనిపోవచ్చు, కలిగినా మార్పు పిల్లలకు అందకపోవచ్చు. లాభం ఎంతో దానికి దాదాపు రెండింతలే నిలిచే అవకాశమని హాల్డేన్ చూపించారు. లాభం ఒక శాతమైతే అవకాశం రెండు శాతం. అంటే వందలో 98 సార్లు మంచి మార్పు కూడా దురదృష్టం వల్ల మాయమవుతుంది. పరిణామంలో యోగ్యత ఎంతుందో అదృష్టమూ అంత ఉంది.

ఇప్పుడు చిమ్మట స్థానంలో కణాన్ని పెట్టి చూడండి. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ బ్యాక్టీరియా మీద చేసిన ప్రయోగంతో, లొంగని కణాలు దాడి తర్వాత పుట్టవని, ముందే ఉంటాయని తేలింది. 1976లో పీటర్ నోవెల్ కణితి కూడా పరిణామం చెందే జనాభాయేనని వాదించారు. 1979లో కెనడాకు చెందిన గోల్డీ, కోల్డ్‌మన్ ఈ రెండింటినీ కలిపి సూత్రం రాశారు. ఒక ఘన సెంటీమీటరు కణితిలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. ఒక మందును తప్పించుకునే మ్యుటేషన్ పది లక్షల విభజనలకు ఒకసారి వస్తుందనుకుంటే, కణితి ఆ పరిమాణానికి పెరిగేసరికి అలాంటి మార్పు దాదాపు వెయ్యిసార్లు వచ్చి ఉంటుంది. పది లక్షల కణాల దగ్గరే పట్టుకుంటే సగటున ఒక్కసారే. రెండు వేర్వేరు మందులు ఒకేసారి ఇస్తే, ఒకే విభజనలో రెండింటినీ తప్పించుకునే అవకాశం లక్ష కోట్లలో ఒక వంతుకు పడిపోతుంది. మందులు కలిపి ఇవ్వడం అంతకుముందు నుంచే ఉంది. అది ఎందుకు పనిచేస్తుందో, ఎప్పుడు చేయదో ఈ గణితం చెప్పింది. రెండు మందులనూ ఒకే మ్యుటేషన్ తప్పించగలిగితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

2010లో ఇవానా బోజిక్, మార్టిన్ నోవాక్ బృందం, కణితిని ముందుకు నడిపే ఒక్కో మార్పు ఇచ్చే లాభం సగటున 0.4 శాతమేనని అంచనా వేసింది. హాల్డేన్ సూత్రం ప్రకారం అలాంటి కణాల్లో వందకు 99కి పైగా వంశం లేకుండానే పోతాయి. అయినా కణాలు కోట్లలో ఉంటే ఆ మిగిలినవే చాలు.

ఆయన జీవితంలో మెచ్చుకోలేని అధ్యాయం కూడా ఉంది. కమ్యూనిస్టు పార్టీలో ఉన్నంతకాలం సోవియట్ యూనియన్‌లో జన్యుశాస్త్రాన్ని అణచివేసిన లైసెంకోను సూటిగా ఖండించలేకపోయారు. ఆయనకు తెలిసిన శాస్త్రవేత్త వావిలోవ్ 1943లో జైల్లోనే చనిపోయారు. అంకెలతో అంత నిక్కచ్చిగా ఉండే మనిషి ఇక్కడ మాత్రం తడబడ్డారు.

1957లో మహలనోబిస్ పిలుపు మీద భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశారు. సూయజ్ మీద బ్రిటన్ దాడిని కారణంగా చెప్పారు. పౌరసత్వం తీసుకున్నారు, కుర్తా పైజామాలు తొడిగారు, మాంసం మానేశారు. ఖరీదైన పరికరాలు లేకున్నా కళ్లు, కాగితం, ఓపిక ఉంటే ఇక్కడ మంచి పరిశోధన సాధ్యమని నమ్మి, శిష్యులచేత మొక్కలను, పక్షులను, కందిరీగలను లెక్కపెట్టించారు. వారిలో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. తర్వాతి కాలంలో గురువు జీవితచరిత్ర రాసింది ఆయనే. 1961లో ఇన్‌స్టిట్యూట్‌ను వదిలి, 1962లో ఒడిశా ప్రభుత్వ సాయంతో భువనేశ్వర్‌లో సొంత ప్రయోగశాల పెట్టుకున్నారు.

1963 చివర్లో పురీషనాళ క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ అయింది. కోలుకుంటూనే తన జబ్బు మీద హాస్య కవిత రాసి న్యూ స్టేట్స్‌మన్ పత్రికకు ఇచ్చారు. లక్షణం కనబడితే సిగ్గుపడకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పడమే దాని ఉద్దేశం. కొందరు రోగులకు అది నచ్చలేదు. పదిహేనేళ్ల తర్వాత గోల్డీ, కోల్డ్‌మన్ సూత్రం చెప్పబోయేదీ అదే, కణితి చిన్నగా ఉన్నప్పుడే లెక్క మన పక్షాన ఉంటుంది.

భువనేశ్వర్ తిరిగి వచ్చాక వ్యాధి మళ్లీ తలెత్తింది. 1964 డిసెంబర్ 1న కన్నుమూశారు. బతికుండగా ప్రయోగాలకు ఇచ్చిన శరీరం చనిపోయాక కూడా పనికిరావాలని వీలునామాలో రాశారు. ఆ ప్రకారం దాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి తరలించారు. ఆయన అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరిచారు.